విప్పి చూసిన మనిషి

జి.డి.నాయుడు గారిని భారతదేశపు ఎడిసన్ అంటారు. నా దృష్టిలో మాత్రం ఆయన ముందు మెకానిక్, ఆ తర్వాతే ఎడిసన్. పూర్తి పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే ఊళ్ళో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారు. ఎన్నో తరాల క్రితం తమిళదేశం వెళ్ళి స్థిరపడ్డ తెలుగువాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు. మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లాగే అక్కడా పత్తి పండే నల్లరేగడి ఉంది. కాబట్టి ఈయన మనకి పరాయివాడేమీ కాదు.

బడి చదువు ఆయనకి ఒంటబట్టలేదు. ప్రాథమిక తరగతులతోనే ఆగిపోయింది. మన వయసు కుర్రాడిగా ఉన్నప్పుడు ఒక బ్రిటిష్ రెవెన్యూ అధికారి నడిపే రడ్జ్ మోటార్ సైకిల్ చూశారు. గుర్రం లేకుండా, ఎద్దు లేకుండా తనంతట తానే పరిగెత్తే ఆ బండి మీద మనసు పడింది. కొనడానికి డబ్బు లేదు. కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటల్లో సర్వర్‌గా చేరి, జీతం కూడబెట్టి, చివరికి ఆ బండి కొన్నారు.

ఇక్కడి నుంచే ఆయన కథ నాకు నచ్చడం మొదలైంది. ఎందుకంటే ఆయన ఆ బండి మీద ఊరేగి ఊరుకోలేదు. మొత్తం విప్పేశారు. విప్పి, ఏ ముక్క ఏం చేస్తుందో చూసుకుని, మళ్ళీ బిగించారు. అప్పట్లో సర్వీస్ సెంటర్ లేదు, యూట్యూబ్ అంతకన్నా లేదు. విప్పడం ఎవరైనా విప్పుతారు. తిరిగి బిగించాక బండి స్టార్ట్ అవ్వాలి, నేల మీద ఒక్క నట్టు కూడా మిగలకూడదు. పరీక్ష అంటే అది. ఆ పరీక్ష పాసై మెకానిక్ అయ్యారు.

మధ్యలో ఒక దెబ్బ కూడా ఉంది. తిరుప్పూరులో పత్తి జిన్నింగ్ మిల్లు పెట్టి, మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో బాగా సంపాదించారు. ఆ డబ్బు పట్టుకుని బొంబాయి పత్తి వ్యాపారంలోకి దిగి, అంతా పోగొట్టుకుని వెనక్కి వచ్చారు. పత్తి రేటు మీద ఆశపెట్టుకుని కూర్చునే ఇళ్ళు మన చుట్టూ ఎన్ని ఉన్నాయో మీకు చెప్పక్కర్లేదు. మిషను విప్పితే లోపం కనపడుతుంది గానీ, మార్కెట్‌ని విప్పి చూసే స్పానర్ ఎవరి దగ్గరా లేదు.

1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని మధ్య స్వయంగా నడపడం మొదలుపెట్టారు. అదే కొన్నేళ్ళకి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయ్యింది. దేశంలోనే బాగా నడిచే బస్సు సర్వీసుల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. ఒక్కసారి ఆ రోజుల్ని ఊహించుకోండి. బస్సు దారిలో ఆగిపోతే విడిభాగం సీమ నుంచి ఓడలో రావాలి. అది వచ్చేదాకా బస్సుని షెడ్డులో పెడితే వ్యాపారం మూతపడుతుంది. అందుకని సొంత వర్క్‌షాప్ తప్పనిసరి, అక్కడ పని ఆగినప్పుడల్లా దానికి తగ్గ పనిముట్టు తయారు చేసుకోవడమూ తప్పనిసరి. ఇంజన్ ఎంత అదురుతోందో పరీక్షించే పరికరం ఆయన అలా చేసుకున్నదే. కొత్తది కనిపెట్టాలనే సరదాతో కాదు, బస్సు పొద్దున్నే బయల్దేరాలి కాబట్టి.

ఈ మాట నాకు సులువుగా అర్థం కావడానికి కారణం చిలకలూరిపేట వైపు మా ఊరి రోడ్డు మీద ఉన్న మెకానిక్ షెడ్డు. మిర్చి టిక్కీలు మోసే ఆటోలు, ట్రాక్టర్ల మధ్య అక్కడ ఇంకా ఒకటి రెండు అంబాసిడర్లు కనపడతాయి. 2014లో ఆ కారు తయారీ ఆగిపోయింది, అయినా ఇవి నడుస్తూనే ఉన్నాయి. అక్కడి మెకానిక్ బాబాయ్ పెట్టెలో సగం పనిముట్లు కొన్నవి కావు. స్టీరింగ్ చక్రం ఊడదీయడానికి మందపాటి ఇనప పట్టీకి మూడు రంధ్రాలు పెట్టుకున్నాడు. పక్క బోల్టులు రెండూ చక్రాన్ని పట్టుకుంటాయి, మధ్య బోల్టు బిగిస్తుంటే అది రాడ్‌ని కిందకి నెడుతూ చక్రాన్ని పైకి లాగుతుంది. స్పార్క్ ప్లగ్ సందు కొలవడానికి యాక్సా బ్లేడు ముక్క చాలు, దాని మందం అంగుళంలో వెయ్యో వంతులు 25 ఉంటుంది, ప్లగ్గుకి కావాల్సిందీ దాదాపు అంతే. డిస్ట్రిబ్యూటర్‌లో ప్లాటినం పాయింట్లకి 15 కావాలి, అంటే నాలుగు షేవింగ్ బ్లేడ్లు ఒకదాని మీద ఒకటి పెడితే ఇంచుమించు సరిపోతుంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే ఏ బేరింగ్ అరుస్తోందో తెలుస్తుంది. ఒక చిన్న పన్నెండు వోల్టుల బల్బు, రెండు తీగలు, ఒక క్లిప్పు. క్లిప్పు కారు బాడీకి కరిపించి, రెండో తీగ అనుమానం ఉన్న చోటల్లా పెడుతూ పోతే కరెంటు ఎక్కడిదాకా వస్తోందో బల్బు చెప్పేస్తుంది. మన భాషలో చెప్పాలంటే అది ప్రింట్ స్టేట్‌మెంట్.

నాయుడు గారు అక్కడితో ఆగలేదు. 1937లో డి.బాలసుందరం నాయుడు గారితో కలిసి కోయంబత్తూరు పీలమేడులో ఎలక్ట్రిక్ మోటార్ తయారు చేశారు. మన దేశంలో తయారైన మొదటి మోటార్ అదేనని చెబుతారు. బ్యాటరీతో నడిచే రేజర్, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాన్, పళ్ళరసం తీసే మిషను, మోసానికి వీల్లేని ఓటింగ్ మిషను, ఇలా జాబితా చాలా పెద్దది. అయిదు వాల్వుల రేడియోని 70 రూపాయలకే తయారు చెయ్యగలనని 1941లో ప్రకటించారు.

ఇక మనకి గట్టిగా తగిలే విషయం. 1945లో ఆయన చొరవ, విరాళంతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరుతో పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాయి. ఆ కాలేజీయే ఇవాళ్టి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ. బడి దాటని మనిషి దానికి ప్రిన్సిపాల్ అయ్యారు. అయ్యాక, ఇంజనీరింగ్‌కి నాలుగేళ్ళు దండగ, రెండేళ్ళు చాలు అని వాదించారు. బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేసి వెళ్ళిపోయారు.

ఇది చదివాక నేను చాలా సేపు లెక్క వేసుకున్నాను. నాలుగేళ్ళలో నా చేత్తో విప్పి బిగించేది ఎంత? మన ల్యాబుల్లో చాలావరకు ముందే ఇచ్చిన ప్రోగ్రామ్ టైప్ చేసి, అవుట్‌పుట్ రికార్డులో ఎక్కించి, సంతకం పెట్టించుకుంటాం. లైబ్రరీ ఇంపోర్ట్ చేస్తాం, లోపల ఏముందో తెరిచి చూడం. అలాగని నాయుడు గారి మాట పూర్తిగా ఒప్పుకోలేను. మోటార్‌కి చుట్లు ఎన్ని వెయ్యాలో లెక్క కట్టాలంటే గణితం కావాలి, దానికి టైమ్ పడుతుంది. గ్రాఫ్ థియరీ రెండు నెలల్లో ఎక్కదు. కానీ ఆయన కోపం కాలం మీద కాదని నాకు అనిపిస్తుంది. చేతులు ఖాళీగా కూర్చునే కాలం మీద. ఆ కోపానికి నా దగ్గర జవాబు లేదు.

1952లో రెండు సీట్ల పెట్రోల్ కారు తయారు చేశారు, ధర 2,000 రూపాయలు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వకపోవడంతో అది అక్కడే ఆగిపోయింది. విప్పడం, బిగించడం, పనిముట్టు చేసుకోవడం ఆయన చేతిలో ఉన్నాయి, అనుమతి కాగితం లేదు. అప్పుడది మన స్వతంత్ర దేశమే. రడ్జ్ బండి కోసం ఎంగిలి కంచాలు తీసిన మనిషికి ఇది ఎలా అనిపించి ఉంటుందో నేను ఊహించలేను. 1974 జనవరి 4న కన్నుమూశారు.

కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన పేరు మీద ఇప్పుడు పాత కార్ల మ్యూజియం ఉంది, 2015లో తెరిచారు. శబరి ఎక్స్‌ప్రెస్ మన గుంటూరు, ఒంగోలు మీదుగానే అటు వెళ్తుంది. ఈ ఏడాది ఇండస్ట్రియల్ టూర్‌కి ఎక్కడికి వెళ్దామని గ్రూపులో ఓటింగ్ జరుగుతోంది కదా, నా ఓటు అక్కడికే. ఈలోగా హాస్టల్లో ఎవరి దగ్గరైనా పాడైపోయిన ఫ్యాను గానీ, ఆన్ అవ్వని ల్యాప్‌టాప్ గానీ ఉంటే అమ్మెయ్యకండి. ముందు ప్లగ్గు పీకి, ఒక స్క్రూడ్రైవర్ పట్టుకుని రండి, ఆదివారం కూర్చుందాం.