మా సాహెబా హయాత్ బఖ్షీ బేగం

నాగోల్ నుంచి ఎల్బీనగర్ కూడలికి చేరి, అక్కడ విజయవాడ రహదారి పట్టి తూర్పుగా సాగితే హయత్‌నగర్ వస్తుంది. ఈ పేరును మనం రోజూ బస్సుల మీద చదువుతాం, కండక్టర్ల నోట వింటాం. ఇది ఒక తల్లి పేరు అని తెలిసినవారు మాత్రం మనలో తక్కువ. ఆ తల్లి హయాత్ బఖ్షీ బేగం. గోల్కొండ ప్రజలు ఆమెను గౌరవంగా 'మా సాహెబా' అని పిలుచుకున్నారు. నగరంలోని మాసాబ్ ట్యాంక్ పేరు కూడా ఆ పిలుపు నుంచే వచ్చిందని పెద్దలు చెబుతారు.

హయాత్ బఖ్షీ బేగం 1591లో హైదరాబాద్ నగరానికి పునాది వేసిన ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కుమార్తె. సుల్తాన్‌కు వారసుడిగా నిలిచిన కొడుకు లేడు. అందుచేత ఆయన 1607లో తన తమ్ముడి కుమారుడైన సుల్తాన్ ముహమ్మద్‌కు కుమార్తెనిచ్చి నికాహ్ జరిపించారు. 1612లో మామగారి మరణానంతరం ఆ అల్లుడే సింహాసనం ఎక్కారు. ఆయన విద్యావంతుడు, దైవభీతి కలిగిన పాలకుడు. మక్కా మసీదు నిర్మాణానికి పునాది వేసింది ఆయనే. ఇలా ఒక సుల్తాన్‌కు కుమార్తెగా, మరో సుల్తాన్‌కు భార్యగా ఉన్న ఆమె, 1626లో భర్త చిన్న వయసులోనే కన్నుమూయడంతో మూడో సుల్తాన్‌కు తల్లి అయ్యారు.

అప్పటికి కుమారుడు అబ్దుల్లా వయసు పన్నెండేళ్ళు. భర్తను పోగొట్టుకున్న స్త్రీ ఇద్దత్ గడువు ముగిశాక ఒక మూల కూర్చుని కన్నీరు కార్చడమే లోకానికి తెలిసిన దారి. ఆమెకు ఆ తీరిక లేదు. ఒకవైపు పసివాడైన సుల్తాన్, మరోవైపు అధికారం కోసం పోటీపడే అమీర్లు, ఉత్తరాన రోజురోజుకు దగ్గరవుతున్న మొగల్ సైన్యాలు. కుమారుడు ఎదిగేవరకు రాజ్యభారాన్ని పరదా చాటు నుంచే ఆమె మోశారు. కుమారుడు పెద్దవాడైన తర్వాత కూడా తల్లి మాటకు దర్బారులో విలువ తగ్గలేదు.

ఆమె భక్తిని గురించి హైదరాబాద్‌లో తరతరాలుగా చెప్పుకునే ఒక కథ ఉంది. బాలుడైన అబ్దుల్లాను ఎక్కించుకున్న ఏనుగు ఒకసారి మదమెక్కి అడవిలోకి పారిపోయింది. దాన్ని ఎవరూ ఆపలేకపోయారు. బిడ్డ ఆకలితో చనిపోకూడదని ఆ తల్లి అడవి దారుల్లోని చెట్ల కొమ్మలకు రొట్టెల మూటలు కట్టించారట. బిడ్డ క్షేమంగా తిరిగివస్తే ఏనుగు గొలుసంత బరువున్న బంగారు గొలుసును పేదలకు పంచుతానని అల్లాహ్‌కు మొక్కుకున్నారట. బిడ్డ తిరిగివచ్చాడు. ఆమె మొక్కు చెల్లించారు. ఆ గొలుసును 'లంగర్' అన్నారు. ముహర్రం నెలలో సాగే లంగర్ ఊరేగింపు అలా మొదలైందని, నిజాముల కాలంలో కూడా చాలా ఏళ్ళు కొనసాగిందని చెబుతారు. కుతుబ్‌షాహీలు షియా సంప్రదాయం వారు. ఆచారాల విషయంలో మనలో భేదాలు ఉండవచ్చు. అయినా ఈ కథలో గమనించవలసినది ఒకటుంది. ఆ తల్లి దుఆ చేసి ఊరుకోలేదు, రొట్టెల మూటలు కూడా కట్టించింది. తవక్కుల్ అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదని ఇంతకంటే తేలికగా పిల్లలకు ఎలా బోధించగలం?

ఆమె జీవితంలో అసలు పరీక్ష వృద్ధాప్యంలో ఎదురైంది. గోల్కొండ వజీరు మీర్ జుమ్లా సుల్తాన్‌తో చెడి మొగలుల పక్షం చేరాడు. అబ్దుల్లా అతని కుమారుణ్ణి, కుటుంబాన్ని నిర్బంధించాడు. దాన్ని సాకుగా తీసుకుని, అప్పటి దక్కన్ సుబేదారు ఔరంగజేబ్ 1656 జనవరిలో తన కుమారుడు ముహమ్మద్ సుల్తాన్‌ను సైన్యంతో పంపాడు. హైదరాబాద్ నగరం దోపిడీకి గురైంది. సుల్తాన్ గోల్కొండ కోటలోకి వెళ్ళి తలుపులు మూయించుకున్నాడు. ఫిబ్రవరిలో ఔరంగజేబ్ స్వయంగా వచ్చి కోటను ముట్టడించాడు.

లోపల ఉన్న సుల్తాన్ బయటికి రాలేడు. బయట ఉన్న షహజాదా వెనుదిరగడు. అప్పుడు కోట దాటి శత్రువు శిబిరానికి వెళ్ళింది ఆ వృద్ధ మాత. ఆమె చేతిలో కత్తి లేదు. కొడుకు ప్రాణాన్ని, రాజ్యాన్ని కాపాడమని ఆమె కోరారు. సంధి షరతులు భారమైనవే. కోటి రూపాయల చెల్లింపు, రామ్‌గిర్ ప్రాంతం అప్పగింత, సుల్తాన్ కుమార్తెను ఔరంగజేబ్ కుమారుడికిచ్చి వివాహం. ఢిల్లీ నుంచి షాజహాన్ ఆజ్ఞ కూడా రావడంతో మార్చి చివర ముట్టడి ఎత్తివేశారు. ఆమె ఒక్కరి వల్లే యుద్ధం ఆగిందనలేం. కాని మగవారు గోడల వెనుక ఉన్న వేళ మాట్లాడటానికి నడిచివెళ్ళింది ఆమె. మనుమరాలిని ఇచ్చి రాజ్యాన్ని నిలుపుకోవడం ఆ నాయనమ్మ మనసుకు ఎంత కష్టమైందో అల్లాహ్‌కే ఎరుక.

హయాత్ బఖ్షీ అంటే జీవం పోసేది అని అర్థం. గోల్కొండ రాజ్యానికి ఆ రోజున మరికొంత ఆయువు దొరికింది. సోదరులారా, ఆమె 1667లో, అంటే హిజ్రీ 1077లో, పరమపదించారు. వితంతువుగా నలభై ఏళ్ళకు పైగా గడిపారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకే, 1687లో, అదే ఔరంగజేబ్ చేతిలో గోల్కొండ పతనమైంది. కోటి రూపాయలు పోయాయి, సింహాసనం పోయింది. మరి ఏమి మిగిలింది?

హయత్‌నగర్‌కు వెళ్ళి చూడండి. ఐదు కమానులు, రెండు మినార్లతో ఆమె పేరిట మసీదు నిలిచి ఉంది. దాని చుట్టూ బాటసారుల కోసం కట్టిన సరాయి గదులు, పక్కనే హాథీ బావి. మచిలీపట్నం రేవుకు పోయే దారిలో అలసిన వర్తకుడికి, ముసాఫిర్‌కు నీడ, నీరు, నమాజ్‌కు చోటు ఒకే ప్రాంగణంలో దొరికాయి. ఇక కుతుబ్‌షాహీ సమాధుల వద్ద ఆమె సమాధి సుల్తానుల సమాధులకు తీసిపోని ఎత్తులో ఉంది. దాని పక్కన కూడా మసీదే. 2013లో మొదలైన పునరుద్ధరణ పనుల తర్వాత ఆ ప్రాంగణం మళ్ళీ కళకళలాడుతోంది.

మన ఇళ్ళలోనూ వయసు మళ్ళిన తల్లులు, నానీలు, దాదీలు ఉన్నారు. తస్బీహ్ తిప్పుకుంటూ మంచం మీద కూర్చున్నవారికి లోకం ఏమి తెలుసునని మనం అనుకుంటాం. ఇల్లు ఆపదలో పడిన రోజున ముందు లేచి నిలబడేది చాలాసార్లు వారే. వారు ఉన్నప్పుడే వారి సలహా అడుగుదాం, వారి దుఆ తీసుకుందాం. మన వెనుక కూడా ఒక బావో, ఒక నీడో సదఖయే జారియాగా మిగిలే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.