చార్లెసు డికెన్సు

ఆంగ్లదేశమునందలి పోర్ట్స్‌మత్ అను రేవుపట్టణమున 1812వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీన చార్లెసు డికెన్సు జన్మించెను. తండ్రి జాన్ డికెన్సు నౌకాదళమువారి జీతముల కచేరిలో గుమాస్తా. ఆయన మంచివాడే, మాటకారి, అతిథిప్రియుడు. కాని రాబడికి మించి వ్యయము చేయుట ఆయనకు అలవాటు. సంతానము ఎనమండుగురు. ఇట్టి సంసారమునకు అప్పు తప్పునా?

1824వ సంవత్సరమున ఒక రొట్టెల వర్తకునకు ఈయవలసిన 40 పౌనుల పైచిలుకు బాకీ తీర్పలేక జాన్ డికెన్సు లండను నగరములోని మార్షల్సీ చెరసాల పాలయ్యెను. అప్పు తీర్పలేనివారిని నిర్బంధించుట ఆనాటి చట్టము. తల్లియు చిన్నపిల్లలును ఆ చెరసాలయందే కాపురము పెట్టిరి. పండ్రెండేండ్ల చార్లెసు మాత్రము వెలుపల ఒంటరిగా మిగిలెను. ఆ దినములలోనే అతడు థేమ్సు నది యొడ్డున, ఎలుకలు తిరుగాడు ఒక పాడుకొంపలో, బూట్లకు పూయు నల్లరంగు తయారుచేయు కార్ఖానాలో పనికి కుదిరెను. దినమునకు 10 గంటలు రంగుబుడ్లకు కాగితము కప్పి, దారము కట్టి, చీటీలు అంటించుట అతని పని. కూలి వారమునకు 6 షిల్లింగులు. చదువుకొని పెద్దవాడు కావలెనని కలలు కనిన ఆ బాలుని ఆకలికంటె అవమానమే ఎక్కువగా బాధించెను.

కొన్ని మాసములకు తండ్రికి విడుదల కలిగెను. తల్లి కుమారుని పనిలోనే ఉంచదలచెను. తండ్రి బడికి పంపెను. తల్లి తలపును డికెన్సు జీవితాంతము మరువలేకపోయెను.

చదువు ముగిసిన పిదప అతడు వకీలు కచేరిలో గుమాస్తా అయ్యెను. సంక్షిప్తలేఖనము నేర్చి పార్లమెంటు చర్చలను వ్రాయు విలేఖరి అయ్యెను. 1836లో ప్రారంభమైన పిక్విక్ కథలతో, ఇరువదినాలుగేండ్ల ప్రాయముననే, అతని పేరు దేశమంతట మారుమ్రోగెను.

1843లో కార్ఖానాలయందు పనిచేయు బాలబాలికల దుస్థితిని గూర్చి ప్రభుత్వ విచారణసంఘమువారు ఒక నివేదిక ప్రకటించిరి. చింపిరిగుడ్డల పేదపిల్లలకై లండనులో నడచుచున్న ఒక ధర్మపాఠశాలను గూడ డికెన్సు ఆ సంవత్సరమే చూచెను. తొలుత ఒక కరపత్రము వ్రాయదలచి మానుకొనెను. కరపత్రము చదువువారు కొందరు, కథ చదువువారు అందరు. అక్టోబరులో కథ ప్రారంభించి 6 వారములలో ముగించెను. రాత్రివేళల కథను తలచుకొనుచు లండను వీథులలో 15, 20 మైళ్లు నడచెడివాడట. అది ఇంచుమించు మేడ్చలునుండి సికిందరాబాదు వరకు గల దూరము!

అందు కథానాయకుడు స్క్రూజి అను పరమలోభి. క్రిస్మసు ముందటి రాత్రి, ఏడేండ్ల క్రిందట చనిపోయిన అతని భాగస్వామి మార్లే ప్రేతరూపమున వచ్చును. ఆ ప్రేతమును చుట్టుకొనిన గొలుసు ఇనుపపెట్టెలతోను తాళపుచెవులతోను లెక్కపుస్తకములతోను కూర్చబడినది. పిమ్మట మూడు భూతములు వరుసగా వచ్చును. మొదటిది గతమును చూపును. రెండవది వర్తమానమును చూపి, తన అంగీ క్రింద దాగిన ఇరువురు దీనశిశువులను బయటపెట్టును: బాలుని పేరు అజ్ఞానము, బాలిక పేరు లేమి. మూడవది నల్లని ముసుగు వేసికొనినది. పెదవి కదపదు, చేయి మాత్రము చాపి చూపును. ఎవడో చనిపోయెను, వర్తకులు నవ్వుకొనుచున్నారు, పనివారు అతని మంచపు తెరలను సైతము ఊడదీసి అమ్ముకొనుచున్నారు. స్క్రూజి గుమాస్తా ఇంట కుంటిబాలుని ఆసనము శూన్యముగా నున్నది. తుదకు ఒక సమాధిరాయి, దానిపై స్క్రూజి పేరు!

తెలుగువారు వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానమును ఎరుగుదురు. అందు చెప్పినది జరిగి తీరునని జనుల నమ్మిక. డికెన్సు చూపిన భవిష్యత్తు అట్టిది కాదు. మనుజుడు ఇట్లే నడచినచో రాగలదానిని మాత్రమే ఆ భూతము చూపును. కావుననే స్క్రూజి తెల్లవారి మేల్కొని, గుమాస్తా జీతము పెంచి, ఆ బాలుని బ్రదికించుకొనెను.

1843 డిసెంబరు 19న వెలువడిన ఆ గ్రంథపు 6,000 ప్రతులు క్రిస్మసు నాటికే చెల్లిపోయెను. కాని రంగుబొమ్మలకు, బంగారుపూతకు అయిన వ్యయమువలన, 1,000 పౌనులు ఆశించిన రచయితకు తొలిముద్రణపై ముట్టినవి 230 మాత్రమే. ధనలోభమును నిందించిన కథకు ఈ గతి పట్టుట వింతయే. తరువాత డికెన్సు ఈ కథను సభలలో చదివి వినిపింపసాగెను. మొదటిసారి 1853లో, బర్మింగుహాములో, ధర్మకార్యమునకై.

లండను పేదలకై కరగిన ఆ హృదయము 1857లో మన దేశము తిరుగబడినప్పుడు కరగలేదు. భారతీయులను గూర్చి ఆయన జాబులలో వ్రాసినది మిక్కిలి క్రూరము. ఆ యేడే ఆయన కుమారుడు వాల్టరు సైనికోద్యోగమునకై ఇచ్చటికి వచ్చెను. తాతవలెనే అప్పులలో చిక్కుకొని, 1863 డిసెంబరు 31న, 22 ఏండ్లకే కలకత్తాలో మరణించెను. ఆ వార్త తండ్రికి చేరినది ఆయన పుట్టినదినముననే.

డికెన్సు 1870 జూన్ 9న కాలధర్మము నొందెను. అంతకు ముందటి క్రిస్మసు ఆయనకు తుది పండుగ. ఆనాడు ఇంటిల్లిపాది జ్ఞాపకశక్తిని పరీక్షించు ఆట ఆడుచుండిరి. ఒక్కొక్కరు ఒక్కొక్క మాట చేర్పవలెను. డికెన్సు తనవంతు రాగా, ఒక నల్లరంగు కార్ఖానా పేరును, అది యున్న వీథిని, వింతయైన స్వరముతో చెప్పెను. బిడ్డలకు అది యేమో బోధపడలేదు. ఆయన గతించిన పిదప స్నేహితుడు జాన్ ఫార్‌స్టరు ప్రకటించిన జీవితచరిత్ర చదివి, ఆ కార్ఖానాలో తమ తండ్రి కూలిచేసెనని వారు తెలిసికొనిరి.