వార్త ఊరిది, కలం ఎవరిది?

నగరం పత్రికకూ మారుమూల పత్రికకూ ఉన్న తేడాను మనం దూరంతోనే కొలుస్తున్నాం. అది కులంతో కూడా కొలవవలసిన తేడా అని నేను భావిస్తాను. అందుకు సురవరం ప్రతాపరెడ్డి జీవితమే మంచి ఆధారం.

ఆయన 1896లో నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని బోరవెల్లిలో పుట్టారు. స్వగ్రామం ఇటికాలపాడు. మద్రాసులో పట్టభద్రుడై, న్యాయశాస్త్రం చదివి, హైదరాబాదు చేరారు. అక్కడ రెడ్డి హాస్టల్ నిర్వహణ చూశారు. 1926 మే 10న గోలకొండ పత్రికను ప్రారంభించారు.

అప్పటికే నిజాం రాష్ట్రంలో తెలుగు పత్రికలు లేకపోలేదు. 1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక, వరంగల్ ప్రాంతంలోని ఇనుగుర్తి నుంచి తెలుగు పత్రిక వెలువడ్డాయి. అవి మారుమూలల్లో పుట్టి ఎంతోకాలం నిలవలేకపోయాయి. వారానికి రెండుసార్లు వచ్చిన గోలకొండ మాత్రం నిలిచి, 1947లో దినపత్రిక అయింది. సంపాదకుని దీక్ష అందుకు ఒక కారణం. రాజధానిలో దొరికే అచ్చు వసతి, పలుకుబడి గల వర్గాల అండ మరో కారణం. రాజబహద్దూర్ వెంకటరామారెడ్డి వంటివారి ప్రోత్సాహం, రెడ్డి హాస్టల్ చుట్టూ అల్లుకున్న సంబంధాలు ఆ పత్రికకు పునాది. ఇది ఆయన కృషిని తగ్గించే మాట కాదు. పత్రిక నిలవడానికి ఏ సామాజిక బలం కావలసివచ్చిందో చెప్పే మాట.

ఉర్దూ రాజ్యమేలిన నగరంలో ఆయన పల్లె గొంతును తెలుగులో వినిపించారు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న ఆక్షేపణకు జవాబుగా ఊరూరా ఉన్న కవుల నుంచి రచనలు సేకరించి, 1934లో 354 మందితో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. రాజుల కథలను పక్కనపెట్టి, సామాన్యుల తిండి, బట్ట, ఆటపాటలను ఆంధ్రుల సాంఘిక చరిత్రగా రాశారు. ఆయన మరణానంతరం, 1955లో, ఆ గ్రంథానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

అయితే ఆనాడు పల్లె నుంచి నగరానికి ఉత్తరం రాయగలిగినవారెవరు? చదువు అందిన కొద్ది కులాలవారే. వెట్టి గురించిన వార్త అచ్చయినా, వెట్టి చేసినవాడి చేతిలో కలం లేదు. 1930లో జోగిపేటలో సురవరం అధ్యక్షతన జరిగిన తొలి ఆంధ్ర మహాసభలో దళిత నాయకుడు భాగ్యరెడ్డివర్మ ప్రసంగానికి సనాతనులు అడ్డుచెప్పారు. మరుసటి ఏడాది భాగ్యరెడ్డివర్మ తన సొంత పత్రిక భాగ్యనగర్‌ను స్థాపించారు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవాలని నేను విద్యార్థులకు చెబుతుంటాను. ఒక సంపాదకుని ఉదారత వేరు, సొంత వేదిక వేరు.

1952 ఎన్నికల్లో సురవరం వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. అదే వనపర్తిలో నేడు పత్రికలకు కొదవలేదు, మండలానికో విలేకరి ఉన్నాడు. కానీ జిల్లా పేజీలు వచ్చాక వనపర్తి వార్త వనపర్తిలోనే ఆగిపోతోంది. 2016లో పాలమూరును విడదీశాక దళితవాడపై జరిగిన దాడి పక్కనున్న గద్వాలకే తెలియడం కష్టమైంది, ఇక రాజధానికి ఎలా తెలుస్తుంది? గోలకొండలో పల్లె వార్తను పట్నం చదివేది. ఇప్పుడు పట్నం వార్తను పల్లె చదువుతోంది, పల్లె వార్త పల్లెకే తిరిగి వస్తోంది.

పైగా మండల విలేకరులలో ఎక్కువమందికి నిలకడైన జీతం లేదు. ప్రకటనల కోసం ఊరి పెద్దల గడపే ఎక్కాలి. ఆ పెద్దల కులంపై వార్త రాయవలసి వస్తే కలం ఎలా కదులుతుంది? కూలి బిడ్డ విలేకరి అయినంత మాత్రాన ఈ చిక్కు విడిపోదు. అతనికి జీతం, రక్షణ, రాజధాని డెస్కులో తనవాళ్లు ఉండాలి. సురవరం తెరిచిన దారిలో మిగిలిపోయిన పని ఇదే. ఆయన జయంతులకు దండలు వేసే పత్రికలు ఈ లెక్క ముందు తమ కార్యాలయాల్లో తేల్చాలి.