రాయచూరు కోటయు కృష్ణదేవరాయలును

తుళువ వంశమున జన్మించి, 1509లో విజయనగర సింహాసనము నధిష్ఠించిన శ్రీకృష్ణదేవరాయలు తెలుగున ‘ఆముక్తమాల్యద’ను రచించిన కవి యని మన మెఱుగుదుము. ఆయన చేసిన మహాయుద్ధములలో నొకటి మన రాయచూరు కొఱకే జరిగెను.

కృష్ణా తుంగభద్రల నడిమి సీమకై విజయనగర, బిజాపుర రాజ్యములు పోరాడుచుండెను. 1520లో రాయలు కోటను ముట్టడించెను. పోర్చుగీసు యాత్రికుడు న్యూనిజ్ వ్రాసిన వృత్తాంతమును బట్టి, కోటపై పెద్ద ఫిరంగులు పెక్కు కలవు. కాని యవి మిక్కిలి యెత్తున నుండుటచే, గోడ మొదట గడ్డపారలతో రాళ్లు పెకలించు భటులకు వాటివలన హాని స్వల్పము. పైనుండి దొరలించిన బండలకును బాణములకును మాత్రము అనేకులు బలియైరి.

ఇంతలో కోటను విడిపింపవచ్చిన ఇస్మాయిల్ ఆదిల్‌షాను రాయలు ఓడించెను. పిదప, గుఱ్ఱముల నమ్మవచ్చిన క్రిస్టొవో ది ఫిగైరెడో అను పోర్చుగీసువాడు ఇరువదిమంది తుపాకివారితో రాయలకు తోడ్పడెను. ఒక్కడు మోయదగిన ఆ చిన్న ఆయుధము, కదల్చుటకే కష్టమైన ఫిరంగి చేయలేని పనిని చేసెను. గోడపై తల యెత్తినవారు కూలిరి. వంగి చూచిన కోటాధిపతి నొసట గుండు తగిలి మరణించెను. మఱునాడు కోట వశమయ్యెను.

పగ తీర్చుకొనుట సులభమైన ఆ దినమున రాయలు తన చేతిని నిలిపెను. పురజనులకు అభయమిచ్చి, వారి సొత్తు వారికే విడిచెను. 1529లో ఆయన గతించెను. ఆయుధము ఎంత చిన్నదైనను, దానిని పట్టినవాని వివేకము పెద్దదిగా నుండవలెనని ఈ కోటగోడలు నేటికిని మనకు తెలుపుచున్నవి.