వాగ్విద్యా తపస్వి గిడుగు రామమూర్తి పంతులు

మనుష్యునికి, ఇతర ప్రాణులకు గల ప్రధాన భేదం వాక్కు అని మనమందరమూ ఎరుగుదుము. ఆ వాక్కుకు నివాసం నాలుకా, చెవియా, మెదడా అన్న ప్రశ్నకు పందొమ్మిదవ శతాబ్దంలో ఇద్దరు వైద్యులు సమాధానం వెదికారు. ఫ్రాన్సు దేశంలో పాల్ బ్రోకా అను వైద్యుడు 1861లో ఒక రోగిని చూచాడు. అతడు ఇతరులు చెప్పినది గ్రహించేవాడు గాని, ఏండ్ల తరబడి ఒకే ఒక్క ధ్వనిని తప్ప మరేదీ పలుకలేకపోయాడు. అతని మరణానంతరం పరీక్షింపగా మెదడు ఎడమ అర్ధంలో ముందుభాగం చెడిపోయి ఉన్నది. 1874లో కార్ల్ వెర్నికె అను జర్మను వైద్యుడు మరొక సంగతి కనుగొన్నాడు. ఎడమ చెవికి పైగా వెనుకవైపున ఉన్న భాగం దెబ్బతిన్నచో మాట ధారాళంగానే వచ్చును గాని, విన్నదాని అర్థం బోధపడదు. ఈ రెండు సంవత్సరాల నడుమ, 1863లో, మన తెలుగునాట ఒక మహనీయుడు జన్మించాడు. ఆయన వైద్యుడు కాడు. మెదడును చూచినవాడు కాడు. అయినను బిడ్డకు భాష ఎట్లు వచ్చును, చదువు ఏ త్రోవను వచ్చును అన్న ప్రశ్నను జీవితాంతం వదలలేదు. ఆయనే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపాన ఉన్న పర్వతాలపేట గ్రామంలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. పన్నెండేండ్ల ప్రాయంలోనే, 1875లో, తండ్రి స్వర్గస్థులైనారు. అటుపిమ్మట విజయనగరంలో బంధువుల యింట ఉండి మహారాజావారి పాఠశాలలో చదువుకొన్నారు. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు సహాధ్యాయులు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. ఉద్యోగం చేస్తూనే సొంతంగా చదివి పట్టభద్రులైనారు. ముఖలింగంలోని శాసనాలను చదువవలెనని ప్రాచీన లిపులను తమకు తామే నేర్చుకొన్నారు.

పర్లాకిమిడి చుట్టూ కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష తెలుగుకు గాని ఒరియాకు గాని చెందినది కాదు. ముండా భాషలలో ఒకటి. ఆ కాలంలో సంతకు దిగివచ్చిన సవరలకు లెక్క తెలిసేది కాదు, పత్రం చదువ వచ్చేది కాదు. అందుచేత వారిని మోసగించడం సులభంగా ఉండేది. వారికి చదువు చెప్పవలెనని పంతులుగారు సంకల్పించారు. పర భాషలో చెప్పిన చదువు పిల్లల తలకెక్కదని గ్రహించి, ముందుగా తామే సవరభాష నేర్వ నిశ్చయించారు. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక వ్యక్తిని తమ యింటనే ఉంచుకొని ఏండ్ల తరబడి అభ్యసించారు.

ఈ పని ఎంత కష్టమో విద్యార్థులు గ్రహింపవలెను. నేటి శాస్త్రజ్ఞులు చెప్పేదేమనగా, శిశువు తల్లి గర్భంలో ఉండగానే తల్లి కంఠస్వరాన్ని వింటుంది. పుట్టిన తొలి నెలలలో ఏ దేశభాషలోని ధ్వనిభేదాన్నయినా గుర్తింపగలదు. ఏడాది నిండే సరికి మెదడు తన చుట్టూ వినవచ్చే భాషకు అలవాటుపడి, అందులో లేని భేదాలను ఉపేక్షింపసాగుతుంది. దీనికి మన నగరంలోనే దృష్టాంతం ఉన్నది. తమిళులు తమ భాష పేరు చివర పలికే ధ్వని, ఆంధ్రదేశం నుండి పెద్దవయసులో వచ్చినవారికి ఒక పట్టాన పట్టుబడదు. తమిళుల పిల్లలతో ఆడుకొంటూ పెరిగిన మన బాలబాలికలు దానిని అనాయాసంగా పలుకుతారు. సవరభాషలో కంఠాన గాలిని క్షణకాలం బిగబట్టి విడిచే ధ్వని ఒకటి ఉన్నది. దానికి మన లిపిలో అక్షరమే లేదు. అట్టి ధ్వనులను పెద్దవయసులో చెవికి నేర్పి, నాలుకకు నేర్పి, పిమ్మట వ్రాతలో పెట్టడం తపస్సు వంటిది.

ఆ తపస్సుకు ఆయన చెల్లించిన మూల్యం స్వల్పం కాదు. కొండదారులలో కాలినడకను తిరుగుతూ మలేరియా జ్వరానికి గురియైనారు. జ్వరం తగ్గడానికి అధికంగా పుచ్చుకొన్న క్వినైను వలన వినికిడి పోయినది. ధ్వనులను పరిశోధించే పండితునికి చెవులు పోవుటకంటె క్రూరమైన విధి ఏమి కలదు? మరొకరైతే అంతటితో చాలించి ఉందురు. ఆయన చాలించలేదు. ఇక్కడ శాస్త్రం మనకు ఒక మర్మం తెలుపుతుంది. చెవి భాషకు ద్వారమే గాని నివాసం కాదు. పెద్దవయసులో చెవుడు వచ్చినవాడు భాషను కోల్పోడు. అది మెదడులో భద్రంగానే ఉంటుంది. పుట్టు చెవిటివారు చేతులతో సంభాషించునపుడు సైతం సాధారణంగా మెదడు ఎడమవైపున ఉన్న భాషాస్థానాలే పనిచేస్తాయి. పంతులుగారి చెవులు మూతపడినవి. ఆయన సంపాదించిన సవరభాష మూతపడలేదు.

సవరభాషలో ఆయన వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు సిద్ధం చేశారు. సొంత సొమ్ముతో బడులు పెట్టించి, ఉపాధ్యాయులకు జీతాలు తామే ఇచ్చారు. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలను ప్రచురించి పారితోషికం ఇవ్వబోగా, ఆ ధనాన్ని సవరల పాఠశాలకు వినియోగించవలసినదిగా కోరారు. అనంతరం ఈ నగరంలోని ప్రభుత్వ ముద్రణాలయం ఆయన సవరభాషా బోధినిని 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువును 1938లోను వెలువరించినది. నిఘంటువు వెలువడిననాటికి ఆయన వయస్సు డెబ్బదియైదు.

కొండలలో కనిపెట్టిన సత్యమే ఆయనను తెలుగు వైపు మళ్ళించినది. ఆ కాలంలో బడిపిల్లలు నోట పలికేది ఒక తెలుగు, వ్రాయవలసినది వేరొక తెలుగు. శతాబ్దాల కిందటి కావ్యభాషలో ఉత్తరమైనా వ్రాయవలెనన్నది నియమం. పాఠశాలల తనిఖీ అధికారి యేట్సు దొరగారు ఈ విపరీతమేమని ప్రశ్నింపగా, గురజాడవారు, పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గిడుగువారు వ్యావహారిక భాషోద్యమానికి పూనుకొన్నారు. 1911లో మద్రాసులో వెలసిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ప్రతిపక్షం వహించినది. జయంతి రామయ్య పంతులుగారు ఆ పక్షాన నిలిచిన ఉద్దండులు. గిడుగువారు తమ వాదానికి ఆధారాలను శాసనాలనుండి, ప్రాచీన గ్రంథాలనుండి తీసి చూపారు. ఆయన కావ్యాలను ద్వేషించలేదు. వాటిని క్షుణ్ణంగా చదివినవారు. శిష్టులు నోట పలికే భాషలోనే పిల్లలకు చదువు చెప్పవలెనన్నదే ఆయన పట్టుదల. 1919లో ‘తెలుగు’ అను మాసపత్రికను అందుకొరకే నడిపారు.

ఈ పట్టుదల వృథా కాదని నేటి మెదడు పరిశోధన తెలుపుతున్నది. మాటకు మెదడులో పుట్టుకనుండియే చోటున్నది. వ్రాత మానవజాతికి సుమారు అయిదువేల ఏండ్లనాడే వచ్చినది. దానికి మెదడులో పుట్టుకతో వచ్చిన స్థానం లేదు. చదువ నేర్చే పిల్లవాడు, రూపాలను గుర్తించే భాగాన్ని అక్షరాలకు మళ్ళించి, తనకు ముందే వచ్చిన మాటలతో ముడివేసుకొంటాడు. మాటే ఎరుగని భాషలో అక్షరం నేర్పినచో ముడివేయుటకు ఏమున్నది? సవర బాలుడు గడగడ వల్లించవచ్చును గాని గ్రహింపలేడు.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినపుడు, పంతులుగారు దానికి సమ్మతింపక అయిదున్నర దశాబ్దాలు మసలిన ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరిలో, చివరి దినాలలో సైతం, తెలుగు పత్రికలు వాడుకభాషను స్వీకరింపవలెనని సంపాదకులకు విజ్ఞప్తి చేశారు. ఆ నెల 22వ తేదీన మన మద్రాసు నగరంలోనే కన్నుమూశారు. ఆయన జన్మదినాన్ని నేడు తెలుగు భాషాదినోత్సవంగా జరుపుకొంటున్నాము.

విద్యార్థులారా! మీలో పలువురి ఇంటి తెలుగులో తమిళపు మాటలు కలసి ఉంటవి. యాస వేరుగా ఉంటుంది. వాచకంలోని తెలుగు కంటె అది తక్కువదని కొందరు తరగతిలో నోరు విప్పుటకు జంకుతారు. వారికి గిడుగువారి జీవితమే మా సమాధానం. అమ్మ ఒడిలో వచ్చిన ఆ మాటయే మీ చదువుకు మొదటి మెట్టు. వాచకపు తెలుగు రెండవ మెట్టు; మొదటిదానిపై నిలిచిననే దానిని అందుకొనగలరు. తమిళం, ఇంగ్లీషు మీకు బరువులు కావు. పంతులుగారు సవర నేర్చినట్లు ప్రీతితో నేర్చినచో అవి సంపదలు. మన పాఠశాలలో తెలుగు తరగతులు నిలుచునా అని పెద్దలు కలవరపడుతున్న రోజులివి. తనది కాని భాషలో ఒక జాతి పిల్లలకు చదువు చెప్పుటకై చెవులు పోగొట్టుకొన్న ఉపాధ్యాయుడు ఈ నగరపు మట్టిలో కలిశాడు. తనదైన భాషను తన ఇంటిలో, తన తరగతిలో మాట్లాడుటకు మనము వెనుదీయరాదు.