కట్ట ఒక్కటే చాలదన్న అంబేద్కర్

భవానీపురానికి ఒకపక్క కృష్ణ, మరోపక్క బుడమేరు. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో రెండూ ఒకేసారి పొంగాయి. బుడమేరు డైవర్షన్ ఛానెల్‌కు గండ్లు పడి విజయవాడ కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ తర్వాత నగరంలో ఒకటే చర్చ: కట్ట ఎత్తు పెంచాలా, కాలువ వెడల్పు చేయాలా, ఎగువనే నీళ్లు ఆపాలా? ఎనభై ఏళ్ల కిందట ఇలాంటి ప్రశ్నకే జవాబు వెతికిన మనిషి బాబాసాహెబ్ అంబేద్కర్. ఆయన జీవితంలోని ఈ భాగం పరిశోధనలోకి వచ్చేదాకా మాకూ పెద్దగా తెలియదు.

1891 ఏప్రిల్ 14న మహూలో పుట్టిన ఆయనకు నీటి వివక్ష బడిలోనే ఎదురైంది. కుండ ముట్టుకోనివ్వలేదు, ప్యూన్ పోస్తేనే దాహం తీరేది. 1927 మార్చి 20న మహాడ్‌లో వేలమందితో కలిసి చవదార్ చెరువు నీళ్లు తాగి, ఆ దాహాన్ని హక్కుల పోరాటంగా మార్చారు.

1942లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో లేబర్ సభ్యుడయ్యారు. మరుసటి ఏడాది బెంగాల్‌లో దామోదర్ నది కట్ట తెంచుకుంది. కలకత్తాకు రైలు, రోడ్డు దారులు తెగిపోయాయి. అప్పటిదాకా వరదకు తెలిసిన మందు కరకట్టే. అంబేద్కర్ అక్కడ ఆగలేదు. అమెరికాలోని టెన్నెసీ లోయ నమూనాను పరిశీలించారు. 1945 జనవరిలో కలకత్తాలో, నవంబరులో కటక్‌లో జరిగిన సమావేశాల్లో తన వైఖరి వివరించారు. నదిని రాష్ట్రాల వారీగా ముక్కలు చేయకుండా పరీవాహక ప్రాంతం మొత్తాన్ని ఒకటిగా చూడాలన్నది ఆయన వాదన. వరద నీరు పారబోయాల్సిన పీడ కాదు, నిల్వ చేస్తే సాగుకూ విద్యుత్తుకూ పడవ ప్రయాణానికీ పనికొచ్చే సంపద అన్నారు. 1948లో దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ ఏర్పడింది.

అయితే ఆ పథకం కింద కట్టిన మైథాన్, పంచెత్ జలాశయాలు ఆదివాసుల ఊళ్లను ముంచాయి. ఈ నిజాన్ని దాచి అంబేద్కర్‌ను పొగడలేం.

ఈ రెండు పాఠాలతో బుడమేరును చూద్దాం. రిటైనింగ్ వాల్ కృష్ణలంకను కాపాడింది. బుడమేరు వైపు నుంచి వచ్చే నీటికి దాంతో పనిలేదు. డైవర్షన్ ఛానెల్ బుడమేరు నీటిని ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణలో కలుపుతుంది. కృష్ణే నిండుగా ఉంటే ఆ నీరు వెనక్కి తంతుంది. ఆ సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కొల్లేరుకు పోయే పాత దారిని వెడల్పు చేయాలంటే గట్ల మీది ఇళ్లు తీయాలి. ఎగువన నిల్వ చేయాలంటే భూములు కావాలి. ఎవరి ఇళ్లు? ఎవరి భూములు?

1956 డిసెంబరు 6న అంబేద్కర్ కన్నుమూశారు. విజయవాడ స్వరాజ్ మైదాన్‌లో 125 అడుగుల ఆయన విగ్రహాన్ని 2024 జనవరిలో ఆవిష్కరించారు. అదే ఏడాది వరద వచ్చింది. బుడమేరు మీద ఏ పథకం పెట్టినా, ఎన్ని క్యూసెక్కులు మళ్లుతాయన్న లెక్కతోపాటు ఎవరి గుమ్మం మునుగుతుంది, ఎవరికి పునరావాసం దక్కుతుంది అన్న లెక్క కూడా అడిగి తీసుకుందాం. పల్లంలో ఉన్నవాళ్లను సంప్రదించకుండా గీసిన మ్యాపును ఒప్పుకోవద్దు.