మట్టి మర్మమెరిగిన రసాయనవేత్త – శాంతి స్వరూప్ భట్నాగర్

ఉర్దూ కవిత్వాన్నీ రసాయన శాస్త్రాన్నీ సమానంగా ప్రేమించిన విద్వాంసులు అరుదు. డాక్టర్ శాంతి స్వరూప్ భట్నాగర్ అట్టివారు. వారు 1894 ఫిబ్రవరి 21న, నేడు పాకిస్తాన్‌లోనున్న భేరాలో జన్మించారు. ఎనిమిది నెలల ప్రాయంలోనే తండ్రిని కోల్పోయి, ఇంజనీరైన మాతామహుని ఇంట సికిందరాబాదులో పెరిగారు. (ఇది మన హైదరాబాదు ప్రక్కనున్నది కాదు, ఉత్తర ప్రదేశ్‌లోనిది.) లాహోరు దయాళ్ సింగ్ కళాశాలలో చదివే రోజులలోనే 'కరామాతీ' అనే ఉర్దూ ఏకాంకిక వ్రాశారు. 1921లో లండన్‌లో డి.ఎస్‌సి. పట్టం పొంది, కాశీ విశ్వవిద్యాలయంలో మూడేళ్లు బోధించి, 1924లో లాహోరు చేరారు.

వారి ప్రధాన విషయం కొలాయిడ్లు, అనగా ద్రవంలో కరగక, అడుగంటక తేలియాడే సూక్ష్మ కణాల శాస్త్రం. ఇది కేవలం పుస్తకాల విద్య అనుకొనేవారికి రావల్పిండి ప్రాంతపు చమురు బావులు సమాధానం చెప్పాయి. అచ్చట బావి త్రవ్వేటపుడు బంకమట్టి కలిపిన నీటిని లోనికి పంపేవారు. రాతి పొడిని పైకి తెచ్చేది ఆ బురదయే. కాని భూగర్భంలోని ఉప్పునీరు తగలగానే అది గడ్డకట్టి, త్రవ్వకం నిలిచిపోయేది. యంత్రాలు మార్చవలెనని ఎవరికైనా తోచును. భట్నాగర్ మాత్రం మట్టి కణాల ఉపరితలం వైపు చూశారు. కణాలపై నుండే విద్యుదావేశం వాటిని ఎడంగా ఉంచుతుంది. ఉప్పు ఆ ఆవేశాన్ని అణచివేయగా అవి ముద్దకడతాయి. ఈ దేశంలోనే దొరికే ఒక జిగురును బురదలో కలిపించారు. ఉప్పు తగిలినా బురద పలుచగానే ఉండిపోయింది, పని సాగింది.

కంపెనీవారు సంతోషించి, పరిశోధనకై ఒకటిన్నర లక్షల రూపాయలు ఇవ్వజూపారు. ఆ రోజులలో అది ఎంతటి మొత్తమో విద్యార్థి మిత్రులు ఊహించుకొనవచ్చు. భట్నాగర్ దానిని స్వంతానికి అంగీకరించక విశ్వవిద్యాలయానికి ఇప్పించి, పెట్రోలియం పరిశోధన విభాగాన్ని నెలకొల్పారు. వారి బిరుదులన్నిటికన్న ఈ ఒక్క నిర్ణయమే మాకు మిన్నగా తోస్తుంది.

1942లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి వారి సారథ్యంలో ఏర్పడింది. కారైకుడిలోని విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ వంటి జాతీయ ప్రయోగశాలలు వారి హయాంలో వెలిశాయి. 1955 జనవరి 1న వారు కన్నుమూశారు.

భూపాలపల్లి గనుల చెంతనున్న మన కాటారం వారికి విద్యుత్తనగానే బొగ్గు స్ఫురించుట సహజం. ఏదీ మండించకుండ, హైడ్రోజన్, ఆక్సిజన్‌ల కలయికతో నేరుగా విద్యుత్తునిచ్చే సాధనం ఇంధన ఘటం. దాని నడుమ ప్రోటాన్లను మాత్రమే దాటనిచ్చే పలుచని పాలిమర్ పొర ఉంటుంది. వేడి 80 డిగ్రీలు మించితే ఆ పొర ఎండి ప్రోటాన్ల నడక మందగిస్తుంది. మిథనాల్ వాడే ఘటాలలోనైతే ఇంధనమే ఆవలికి జారిపోతుంది. ఇందుకు శాస్త్రజ్ఞులు మరల బంకమట్టినే ఆశ్రయించారు. మాంట్‌మోరిల్లొనైట్ అనే మట్టిలో ఒక్కొక్క రేకు మందం ఒక నానోమీటరు. ఆ మట్టి సహజస్థితిలో పాలిమర్‌తో పొత్తుకుదరదు. రేకుల నడుమనుండే సోడియం అయాన్లకు బదులు సేంద్రియ అయాన్లను చేర్చితే రేకులు విడివడి పొరలో పరచుకొంటాయి, తేమను పట్టి ఉంచుతాయి, మిథనాల్ దారిని వంకరలు త్రిప్పుతాయి. లాహోరులో జిగురు మట్టిని లొంగదీసినది కూడ కణపు ఉపరితలాన్ని మార్చియే గదా! అయితే పాలు మించితే ఆ మట్టియే ప్రోటాన్లకు అడ్డుగోడ అవుతుంది.